వాళ్లకి ఇంగ్లీషు ఎందుకో ముందు వాళ్లనే అడుగు తల్లీ

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎంఏ ఇంగ్లీషు చేశాను. ఏడాదిగా ఇంట్లోంచే ఒక ఆన్‌లైన్ కంపెనీ ద్వారా విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు చెబుతున్నాను. తెల్లవారుజామున ఐదున్నరకి బ్రెజిల్ అబ్బాయి, ఆ తర్వాత జపాన్‌లో రిటైరైన ఒక పెద్దాయన, రాత్రి అల్జీరియాలో సైన్సు చదువుకునే కుర్రాడు. కొరియా నుంచి ఒక హైస్కూలు పిల్లాడు కూడా ఉన్నాడు. సాయంత్రం ఏడింటికి వియత్నాం అమ్మాయి ఒకామె వచ్చేది. సముద్రపు సరుకు ఎగుమతి చేసే ఆఫీసులో పని అని చెప్పింది. రెండు నెలలు విని మానేసింది. అంతకుముందు ఇంకో ఇద్దరు మానేశారు. నేను టెన్స్‌లు, వాయిస్, ఆర్టికల్స్ అన్నీ వరసగా, శ్రద్ధగానే చెబుతున్నాను. వీళ్లకి చదువు, ఉద్యోగం అన్నీ సొంత భాషలోనే దొరుకుతాయి కదా, మరి ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు. మా నాన్నగారేమో "దొరల భాష దొరల దగ్గర నేర్చుకుంటారు గానీ మన దగ్గర ఎవరు నేర్చుకుంటారమ్మా, బీఈడీ చేసి బడిలో చేరు" అంటున్నారు. కంపెనీ కూడా ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకి ఎక్కువ ఇచ్చి మాకు తక్కువ ఇస్తోంది. రోజూ టెన్షన్‌గా ఉంటోంది. మానెయ్యమంటారా?
— ఒక చెల్లెలు, కోనసీమ

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాళ్లు ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటున్నారని నన్ను అడిగావు. ఆ ప్రశ్న వాళ్లని అడిగినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. నీ ఇబ్బంది అక్కడే మొదలైందని నాకు అనిపిస్తోంది. నీ చదువులో లోపం లేదు, నీ ఉచ్చారణలోనూ లేదు.

ముందు మీ నాన్నగారి మాట సంగతి చూద్దాం. అది నిన్ను లోపల తొలుస్తోందని తెలుస్తోంది. నేను పాతికేళ్లకు పైగా కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. మా వీధిలో ఒకావిడ కువైట్ వెళ్లాలనుకున్నప్పుడు అరబ్బీ ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు బాగా గుర్తు. అరబ్బుల దగ్గర కాదు. ఎనిమిదేళ్లు అక్కడ ఇంట్లో పనిచేసి తిరిగొచ్చిన పక్కింటి అక్క దగ్గర. రోజూ వంటలయ్యాక అరుగు మీద కూర్చునేవాళ్లు. నీళ్లు, బియ్యం, ఇస్త్రీ, పాప ఏడుస్తోంది, జీతం ఎప్పుడిస్తారు, నాకు ఒంట్లో బాగాలేదు... ఇలాంటివన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేది. ఆ అక్క ఎంత మంచి టీచరంటే, ఏ మాట ఎక్కడ అవసరం పడుతుందో, ఏ మాట తప్పు పలికితే యజమానురాలికి కోపం వస్తుందో కూడా ముందే చెప్పేది. పుట్టుకతో అరబ్బీ వచ్చిన మనిషికి ఇవి తట్టవు. ఆ మనిషి ఎన్నడూ తడుముకోలేదు కదా! కోనసీమలో ఇలాంటి ఇళ్లు మీ నాన్నగారికి నాకంటే ఎక్కువే తెలిసుంటాయి. ఆయనకి ఈ సంగతి గుర్తు చెయ్యి, కోపంగా కాదు, మామూలుగా.

ఇక "దొరల భాష" అన్న మాట. మనకి ఇంగ్లీషు పాలించినవాళ్లతో వచ్చింది. 1835లో మెకాలే సిఫారసు తర్వాత అది మన చదువుల్లోకి, అక్కడి నుంచి ఉద్యోగాల్లోకి వచ్చింది. అందుకే ఆ భాష అనగానే మనకి కొంత గొప్ప, కొంత భయం, కొంత అవమానం కలిసి గుర్తొస్తాయి. నీ విద్యార్థుల్లో ఒక్కరికి కూడా ఆ బరువు లేదు, చూశావా? బ్రెజిల్‌ను ఏలింది పోర్చుగీసువాళ్లు. కొరియాను ఏలింది జపాన్. వియత్నాంలో ఫ్రెంచి పాలన పోయింది 1954లో. మన యానాం ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి బయటపడిందీ అదే ఏడాది. వియత్నాం అమ్మాయికి దొరల భాష అంటే ఫ్రెంచి, ఇంగ్లీషు కాదు.

నీ అల్జీరియా కుర్రాడి సంగతి ఇంకా ముఖ్యమైంది. 1830 నుంచి 1962 దాకా వాళ్లది ఫ్రెంచి పాలన. స్వాతంత్ర్యం వచ్చాక కూడా యూనివర్సిటీల్లో సైన్సు, వైద్యం చాలావరకు ఫ్రెంచిలోనే నడిచాయి. 2022లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి నుంచి ఇంగ్లీషు పెట్టింది. రువాండా కూడా 2008లో బడుల్లో ఫ్రెంచి బదులు ఇంగ్లీషు పెట్టాలని నిర్ణయించి, మరుసటి ఏడాదే కామన్వెల్త్‌లో చేరింది. ఆ దేశాన్ని ఇంగ్లీషువాళ్లు ఎన్నడూ పాలించలేదు. చుట్టుపక్కల తూర్పు ఆఫ్రికా దేశాలతో వ్యాపారం ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తోంది, అదీ ఒక కారణం. అంటే అలాంటి చోట్ల ఒక కుర్రాడు ఇంగ్లీషు పట్టుకోవడంలో, పాత దొరల భాషను దాటుకుని నేరుగా ప్రపంచంతో మాట్లాడాలన్న కోరిక కూడా ఉండొచ్చు. మనం మోసే బరువును వాళ్ల నెత్తిన పెట్టి చూడకూడదు.

వాళ్లు ఇంగ్లీషువాళ్లతో మాట్లాడ్డానికే నేర్చుకుంటున్నారు అనుకోవడం కూడా పొరపాటే. ప్రపంచంలో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు 40 కోట్లకి అటూ ఇటూ. తర్వాత నేర్చుకుని మాట్లాడేవాళ్లు 100 కోట్లు దాటి ఉన్నారు. ఇంగ్లీషులో నడిచే మాటల్లో పెద్ద భాగం నీలాంటి ఇద్దరి మధ్య నడిచేదే. ఇద్దరికీ అది సొంత భాష కాదు.

ఒక ఉదాహరణ చూడు. 1996 నవంబరు 12న ఢిల్లీకి దగ్గర్లో చర్ఖీ దాద్రీ పైన ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకున్నాయి. ఒకటి సౌదీది, ఒకటి కజకిస్తాన్‌ది. 349 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు. కజక్ విమానం తనకి చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడం కూడా విచారణలో ముందుకొచ్చింది. ఆలోచించు తల్లీ. పైనున్నది కజక్ విమానం, సౌదీ విమానం, కిందున్నది ఢిల్లీ కంట్రోల్ టవర్. ఇంగ్లీషు పుట్టిన దేశానికి ఇందులో ఏ పాత్రా లేదు. అయినా అన్ని ప్రాణాలూ ఇంగ్లీషు మాటల మీద ఆధారపడ్డాయి. ఇలాంటి ప్రమాదాల తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకి, కంట్రోలర్లకి ఇంగ్లీషు పరీక్ష పెట్టింది. 2008 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆరు స్థాయిల్లో కనీసం నాలుగోది ఉండాలి. పైలట్ కావాలనుకునే బ్రెజిల్ కుర్రాడో, వియత్నాం కుర్రాడో ఇంగ్లీషు నేర్చుకునేది పుస్తకాల మీద ప్రేమతో కాదు, రెండొందల మందిని క్షేమంగా దించడానికి. ఓడల మీద పనిచేసేవాళ్లకి కూడా 2001లో ఇలాగే ప్రామాణిక ఇంగ్లీషు మాటల జాబితా ఒకటి తయారైంది.

ఇప్పుడు ఆ మానేసిన అమ్మాయి దగ్గరికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టింది అదే.

ఆమె సముద్రపు సరుకు ఎగుమతి ఆఫీసులో పనిచేస్తోంది. నువ్వు ఉన్నది కోనసీమలో, చుట్టూ రొయ్యల చెరువులు. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక భీమవరం నుంచి అమలాపురం దాకా వరిచేలు ఎన్ని చెరువులయ్యాయో నువ్వు కళ్లారా చూసే ఉంటావు. బడికి వెళ్లని రైతు కూడా కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కని కౌంట్ అంటాడు, రొయ్య పిల్లని సీడ్ అంటాడు, ఏరేటర్, సాలినిటీ, హెడ్‌లెస్, కంటైనర్ అంటాడు. ఇవన్నీ ఇంగ్లీషు మాటలే కదా. ఎవరూ వాళ్లకి గ్రామర్ చెప్పలేదు. పని తెచ్చింది, నాలుక పట్టుకుంది. ఆ వియత్నాం అమ్మాయి ఆఫీసులోనూ రోజంతా ఇవే మాటలు తిరుగుతుంటాయి. కొనేవాళ్లు అమెరికాలోనో జపాన్‌లోనో ఉంటారు. కౌంట్ తేడా వచ్చిందని ఫిర్యాదు, కంటైనర్ ఆలస్యమైందని సంజాయిషీ, యాంటీబయాటిక్ పరీక్ష రిపోర్టు, ధర తగ్గించమని బేరం. వీటికి మర్యాదగా, గట్టిగా, తప్పు లేకుండా జవాబు రాయడం ఆమెకు కావాలి. మీ ఇంటి వెనక ఏరేటర్లు తిరుగుతుంటే నువ్వు ఆమెకి పాస్ట్ పర్ఫెక్ట్ చెప్పావు. ఆ రెండు నెలల్లో ఒక్కసారి "నిన్న ఆఫీసులో ఏ మెయిల్ రాయలేక ఇబ్బంది పడ్డావు?" అని అడిగి ఉంటే, ప్రపంచంలో ఏ లండన్ టీచరూ చెప్పలేనంత బాగా నువ్వు చెప్పగలిగేదానివి. నిన్ను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు తల్లీ. మొదటి పదేళ్లు నేనూ వరసగా టెన్స్‌లే చెప్పాను. మనకి ఇంగ్లీషు అలాగే వచ్చింది కాబట్టి అందరికీ అలాగే వస్తుందనుకుంటాం.

భాషలు ఎందుకు నేర్చుకుంటారన్న దాని మీద చాలా పరిశోధనే జరిగింది. కెనడాలోని మాంట్రియల్‌లో గార్డ్‌నర్, లాంబర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో రెండు రకాల కారణాల గురించి రాశారు. ఒకటి పని జరగడానికి నేర్చుకోవడం. రెండోది ఆ భాష మాట్లాడే మనుషుల మీద, వాళ్ల బతుకు మీద ఇష్టంతో నేర్చుకోవడం. రెండోదే బలమైందని చాలామంది నమ్మారు. 1972లో యాస్మీన్ లుక్మాణీ గారు బొంబాయిలో మరాఠీ మాతృభాష అయిన హైస్కూలు అమ్మాయిలని పరిశీలిస్తే వేరేగా తేలింది. ఇంగ్లీషువాళ్లలా అవ్వాలన్న కోరిక కంటే ఉద్యోగం, పై చదువు లాంటి కారణాలే ఆ పిల్లల్లో బలంగా ఉన్నాయి. ఇంగ్లీషు బాగా రావడానికీ ఆ కారణాలకే సంబంధం కనిపించింది. మన దగ్గర పనిచేసే కారణాన్ని మన దేశంలోనే ఒకావిడ చూసి చెప్పిందని ఆ వ్యాసం చదివిన రోజున నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

నేను సఖినేటిపల్లి పంటు మీద చాలాసార్లు గోదావరి దాటాను. పంటు ఎక్కేవాళ్లు గోదావరిని చూడ్డానికి ఎక్కరు. నరసాపురంలో పని ఉంటుంది, ఎక్కుతారు. కొంతమంది మాత్రం మధ్యలోకి వెళ్లాక రెయిలింగు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోతారు. భాష కూడా అంతే. మన తెలుగు మీద బ్రౌను దొరకి ఇష్టం కలిగింది అలాగే. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి స్థానిక భాష రావాలి కాబట్టి తెలుగు మొదలుపెట్టాడు. రాజమహేంద్రవరంలోనూ కొన్నాళ్లు పనిచేశాడు. అవసరం కోసం ఎక్కినవాడు వేమన పద్యాలు వెతికి పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. కాబట్టి ఒక విద్యార్థి జీతం కోసమో వీసా కోసమో వచ్చాడని చిన్నచూపు చూడొద్దు. ఆ కారణాన్ని గౌరవించి పాఠం చెబితే, ఇష్టం దానంతటదే రావచ్చు. రాకపోయినా అతని పని జరుగుతుంది, అదీ మంచిదే.

కొరియా పిల్లాడి విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండు. అతను ఇంగ్లీషును ఎంచుకున్నాడని అనుకోవద్దు. అక్కడ ప్రతి నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు విని జవాబు రాసే భాగం ఉంటుంది. ఆ అరగంట పైచిలుకు సేపు దేశమంతటా విమానాలు దిగడం, లేవడం ఆపేస్తారు, పిల్లలకి చప్పుడు అడ్డం రాకుండా. దేశం దేశమే ఊపిరి బిగబట్టే పరీక్ష అది. మన ఇంటర్ పిల్లల్ని చూశావు కదా, అదే ఒత్తిడి, ఇంకా ఎక్కువ. అతనికి నువ్వు మరో పరీక్ష కావద్దు. వారంలో ఒక క్లాసైనా మార్కులు లేని మాటలకి వదిలెయ్యి. ఫుట్‌బాల్ గురించో, వాళ్లమ్మ వండే కూర గురించో మాట్లాడనివ్వు.

జపాన్ పెద్దాయనతో నీకు ఒక లాభం ఉంది, అది నీకు తెలిసినట్టు లేదు. మనం బస్సు అంటాం, వాళ్లు బసు అంటారు. మనం డ్రెస్సు, బెడ్డు అంటే, వాళ్లు దొరెసు, బెద్దొ అంటారు. మాట చివర హల్లు ఊరికే నిలబడితే మన నోటికీ బాగోదు, వాళ్ల నోటికీ బాగోదు, ఒక అచ్చు తగిలిస్తాం. వాక్యం కూడా చూడు. మనం "నేను అన్నం తింటాను" అన్నట్టే వాళ్లూ క్రియని చివర పెడతారు. మనం "టోక్యో నుంచి" అంటే వాళ్లు "టోక్యో కరా" అంటారు, ఆ "నుంచి" ఊరి పేరు తర్వాతే వస్తుంది, ముందు కాదు. ఆయన ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ ఆగిపోతాడో, ఎందుకు ఆగిపోతాడో నీకు లోపలి నుంచి తెలుస్తుంది. చిన్నప్పుడు నువ్వూ అక్కడే ఆగి ఉంటావు కాబట్టి. లండన్‌లో పుట్టిన టీచరు ఇది తప్పని చెప్పగలడు. ఇది ఎలా దాటాలో, తను దాటిన మనిషే చెప్పాలి. జపాన్‌లో ఉద్యోగుల కోసం 1979లో మొదలైన టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షను చాలా కంపెనీలు ఉద్యోగాలకి, ప్రమోషన్లకి చూస్తాయి. బహుశా ఈ పెద్దాయన కూడా ఉద్యోగ జీవితమంతా మార్కుల కోసమే ఇంగ్లీషు చదివి ఉంటారు. ఇప్పుడు ఆ బాధ లేదు. మరి ఎందుకు చదువుతున్నారు? విదేశంలో ఉన్న మనవరాలితో మాట్లాడ్డానికా? ప్రయాణానికా? ఒంటరిగా ఉండలేకా? ఏ కారణమైనా కావచ్చు, అడిగితే గానీ తెలియదు. పెద్దాయన కాబట్టి మర్యాదగా, తొందర లేకుండా అడుగు. అది తెలిసేదాకా ఆర్టికల్స్ పక్కన పెట్టు.

బ్రెజిల్ అబ్బాయి గురించి నువ్వు ఏమీ రాయలేదు. కానీ ఒకటి చెప్పగలను. నీకు తెల్లవారుజాము ఐదున్నర అంటే అతనికి రాత్రి తొమ్మిది. పగలంతా ఏదో పనో చదువో చేసి, తిని, అప్పుడు నీ ముందు కూర్చుంటున్నాడు. ఆ వేళకి కూర్చున్న మనిషికి గట్టి కారణమే ఉంటుంది.

ఎలా అడగాలంటే, "ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటున్నారు" అని ఒక్కసారే అడిగితే అందరూ ఒకటే జవాబు చెబుతారు, ఇంగ్లీషు ముఖ్యం కాబట్టి అని. దానివల్ల నీకేమీ తెలియదు. ఈ మధ్య ఇంగ్లీషు రాక ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క సంఘటన చెప్పించు. అప్పుడు ఎదురుగా ఎవరున్నారు, ఏ దేశంవాళ్లు, ఫోనా, మెయిలా, ముఖాముఖీనా, ఇవన్నీ అడుగు. ఇంగ్లీషు బాగా వచ్చేసిందనుకుంటే మర్నాడు మొదట ఏం చేస్తారో కూడా అడుగు. ఈ చివరి ప్రశ్నకి కొందరు నవ్వుతారు, కొందరు చాలాసేపు మాట్లాడరు. మాట్లాడకుండా ఉన్నప్పుడు నువ్వు మధ్యలో దూరకు, ఆగు. వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసుకుని, ఆ నెల పాఠాలు అందులోంచే తియ్యి. గ్రామర్ మానెయ్యమనడం లేదు. అవసరం వచ్చిన చోట, అవసరమైనంత చెప్పు. కంటైనర్ మెయిల్ రాస్తున్నప్పుడు "ఇప్పటికే పంపేశాం", "పంపుతున్నాం" అన్న తేడా వస్తుంది చూడు, ఆ క్షణంలో టెన్స్ చెబితే ఆ అమ్మాయి జన్మలో మర్చిపోదు.

జీతం తేడా అన్యాయమే. ఏ ఊళ్లో పుట్టారన్నదాన్ని బట్టి టీచరుకి విలువ కట్టడం నాకు ఎప్పటికీ నచ్చదు. అంతమాత్రాన ఉద్యోగం వెంటనే వదలకు. ఇంకో ఆరు నెలలు చెయ్యి. ఈలోగా ఎగుమతి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఇంగ్లీషు చెప్పగలను అని నీ పరిచయంలో స్పష్టంగా రాసుకో. అందరికీ అన్నీ చెప్పే వందమందిలో ఒకరిగా ఉండటం కంటే, రొయ్య కౌంట్ అంటే ఏమిటో తెలిసిన ఒక్క టీచరుగా ఉండు. భీమవరం, కాకినాడ వైపు ఎగుమతి కంపెనీల్లో కూడా మెయిళ్లు రాయలేక ఇబ్బంది పడే పిల్లలు ఉంటారు, వాళ్లకీ చెప్పొచ్చు. బీఈడీ చెయ్యాలని నీకే అనిపిస్తే చెయ్యి, అది మంచి దారే. కానీ నేను పనికిరాను అన్న భయంతో మాత్రం వెళ్లకు.

ఆ వియత్నాం అమ్మాయి ఇంకా నీకు అందుబాటులో ఉంటే ఇవాళే ఒక మెసేజ్ పెట్టు. క్లాసులకి రమ్మని బతిమాలొద్దు. మీ చెరువు గట్టు మీద నిలబడి ఒక ఫోటో తీసి పంపి, మా ఊళ్లోనూ వనామీయే, మీ ఆఫీసులో ఈ వారం ఏ మెయిల్ కష్టమైందో చెప్పు, ఒకసారి కలిసి రాద్దాం, డబ్బులు వద్దు అని రాయి. ఆమె ఏం జవాబిచ్చిందో నాకు కూడా రాయి తల్లీ, ఎదురుచూస్తుంటాను.